ప్రజాతీర్పు (2001)

మెతుకుసీమ (మెదక్ ప్రాంతం)లోని జహీరాబాద్ దగ్గర అల్గోల్ గ్రామంలో 2001 జూన్ చివరి వారంలో జరిగిన రైతు జ్యూరీ విచారణ. అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వపు ‘విజన్ 2020’ పత్రం వ్యవసాయంపై బతికేవారిని 70 నుంచి 40 శాతానికి తగ్గించాలంది. ఊళ్లు వదలాల్సిన ఆ జనాన్ని ఎవరూ అడగలేదు. ఆ అన్యాయమే దీనికి పునాది.

జ్యూరీలో సన్నకారు రైతులు, కూలీలు కూర్చున్నారు. దళితులు, ఆదివాసులు, ముఖ్యంగా మహిళలు ఎక్కువ. వారి ముందు మూడు దారులు వీడియోల రూపంలో పెట్టారు: విజన్ 2020, ఎగుమతుల కోసం సేంద్రియ సాగు, స్థానిక తిండికి స్థానిక పంట. చదువు రాకపోవడం అడ్డం కాకూడదనే వీడియోలు. అధికారులు, కంపెనీల ప్రతినిధులు, శాస్త్రవేత్తలు సాక్షులుగా వచ్చి ప్రశ్నలకు జవాబు చెప్పాల్సివచ్చింది. విచారణ నిష్పాక్షికంగా సాగుతోందా అని చూడటానికి వేరే పరిశీలక బృందం ఉండేది. నిర్వాహకులకు తమ మొగ్గు ఉన్నప్పుడు ఇలాంటి కాపలా తప్పనిసరి.

జ్యూరీ మూడింటిలో ఒకదాన్ని ఎంచుకుని ఊరుకోలేదు. తన సొంత దృశ్యాన్ని రాసుకుంది: విత్తనం, నేల, అడవి ఊరి చేతిలో ఉండాలి. కూలీల పని లాక్కునే యంత్రాలు, జన్యుమార్పిడి పంటలు, కాంట్రాక్టు సేద్యం వద్దంది.

అప్పట్లో రాష్ట్రానికి సాయమిస్తున్న బ్రిటన్‌లోనూ ఈ తీర్పుపై వివాదం రేగింది. జ్యూరీ కోరిన దారి జహీరాబాద్ ప్రాంతానికి కొత్తది కాదు: ఇక్కడి దళిత మహిళా సంఘాలు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థతో కలిసి అప్పటికే చిరుధాన్యాలు, విత్తన నిల్వలు కాపాడుకుంటున్నాయి. 2008లో మాచ్‌నూర్‌లో సంఘం రేడియో పెట్టి తమ మాట తామే వినిపించుకున్నాయి.