అంకెగా కాదు, పేరుగా: మన మిలటరీ తాతల జాడ వెతుకుదాం



మన ప్రాంతంలో చాలా ఇళ్ళలో ఒక మాట వినిపిస్తుంది. "మా తాత మిలటరీలో చేశాడంట." ఎక్కడ చేశాడు అని అడిగితే "బర్మా అంట, బస్రా అంట" అంటారు. అక్కడితో ఆగిపోతుంది. ఇంకో తరం గడిస్తే ఆ "అంట" కూడా మిగలదు. అందుకే మన పెద్దల జాడను పాత కాగితాల్లో ఎలా వెతకాలో, అసలు ఎందుకు వెతకాలో ఈసారి రాస్తున్నాము.

మనకు దగ్గరలో తాడేపల్లిగూడెం మండలంలోని మాధవరం మీకు తెలుసు. "మిలటరీ మాధవరం" అనే అంటారు. మొదటి ప్రపంచ యుద్ధానికి ఆ ఒక్క ఊరి నుంచే 90 మంది వెళ్ళారని ఊరివారు చెబుతారు. ఆ ఊళ్ళో యుద్ధ స్మారకం కూడా కట్టుకున్నారు. ఆ 90 మందిలో మీ ముత్తాత ఒకరైతే, మీకు కావలసింది 90 అనే అంకె కాదు. ఒక్క పేరు కావాలి.

పేరుకూ అంకెకూ మధ్య ఉన్న తేడా చిన్నది కాదు. 1914 యుద్ధంలో మన దేశం నుంచి పది లక్షలకు పైగా మనుషులు సముద్రాలు దాటారు. 70 వేలకు పైగా తిరిగి రాలేదు. ఇరాక్‌లో బస్రా దగ్గర 1929లో ఒక స్మారకం ఆవిష్కరించారు. అది 40 వేల మందికి పైగా జ్ఞాపకార్థం కట్టినది. అయితే దాని మీద బ్రిటిష్ సైనికుల పేర్లు చెక్కారు, భారతీయ అధికారుల పేర్లు చెక్కారు. మన మామూలు సిపాయీలను మాత్రం ఏ దళంలో ఎంతమంది చనిపోయారో అంకె వేసి వదిలేశారు. వంట చేసినవారు, బరువులు మోసినవారు, పశువులను తోలినవారు, వీరిలో ఎంతోమందికి ఆ అంకె కూడా దక్కలేదు. కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ అనే సంస్థే 2021లో నివేదిక వేసి ఈ అన్యాయాన్ని ఒప్పుకుంది. ఆసియా, ఆఫ్రికా దేశాలవారిలో కనీసం 1,16,000 మందికి పేరుతో స్మారకం లేదని, ఆ సంఖ్య మూడున్నర లక్షల వరకూ ఉండవచ్చని ఆ నివేదిక చెప్పింది.

సంఖ్యాకాండము మొదటి అధ్యాయం గుర్తు చేసుకోండి. అది యుద్ధానికి వెళ్ళగలవారి లెక్క. అక్కడ కూడా చివరికి అంకె వస్తుంది. కానీ ఆ లెక్క పేరు పేరునా, తండ్రి ఇంటి ప్రకారం రాయించినది. మన తాతలకు ఆ మర్యాద దక్కలేదు. ఇప్పుడు దాన్ని మనం ఇవ్వగలం.

ఎక్కడ మొదలుపెట్టాలి? ఇంట్లోనే. ట్రంకుపెట్టె తెరవండి. డిశ్చార్జి కాగితం, పింఛను పుస్తకం, పాత ఉత్తరం, యూనిఫారంలో తీయించుకున్న ఫొటో, ఏది దొరికినా పక్కన పెట్టండి. పతకం దొరికితే దాని అంచు చూడండి. ఆ కాలంలో మన సైనికులకిచ్చిన పతకాల అంచు మీద సాధారణంగా నంబరు, పేరు, దళం ఉంటాయి. దయచేసి పతకాన్ని చింతపండు వేసి తోమకండి, ఆ అక్షరాలు అరిగిపోతాయి. అన్నిటికన్నా నంబరు ముఖ్యం. వెంకటస్వాములు వందమంది ఉంటారు, ఆ దళంలో ఆ నంబరు మాత్రం ఒక్కరిదే.

యుద్ధంలో చనిపోయినవారైతే పైన చెప్పిన కమిషన్ వెబ్‌సైటులో ఉచితంగా వెతకవచ్చు. 1914 ఆగస్టు నుంచి 1921 ఆగస్టు వరకు, 1939 సెప్టెంబరు నుంచి 1947 డిసెంబరు వరకు చనిపోయినవారు అందులోకి వస్తారు. సమాధి లేదని నిరాశపడకండి. హిందూ, సిక్కు సైనికులను దహనం చేసేవారు కాబట్టి వారి పేర్లు స్మారకాల మీద ఉంటాయి. కోహిమాలో అలాంటి 917 మంది పేర్లున్నాయి. బర్మాలో పోయి సమాధి తెలియని సుమారు 27 వేల మంది పేర్లు రంగూన్ దగ్గర టౌక్యాన్ స్మారకం మీద ఉన్నాయి. క్షేమంగా తిరిగి వచ్చినవారైతే వారి దళం రికార్డు ఆఫీసుకు రాయాలి. మద్రాసు రెజిమెంటుది నీలగిరి కొండల్లో వెల్లింగ్టన్‌లో ఉంది. మద్రాసు శాపర్లది బెంగళూరులో. ముందుగా జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడిగితే దారి చెబుతారు.

వెతికేటప్పుడు ఒక చిక్కు వస్తుంది. మన ఊరు కదలలేదు గాని జిల్లా కదిలింది! యర్నగూడెం, ఏలూరు, తణుకు, భీమవరం, నరసాపురం తాలూకాలు 1904 దాకా గోదావరి జిల్లాలో ఉన్నాయి. తరువాత కృష్ణా జిల్లాలో కలిశాయి. 1925లో పశ్చిమ గోదావరి ఏర్పడింది. 2022లో మన నల్లజర్ల తూర్పు గోదావరిలోకి వెళ్ళింది. కాబట్టి 1915లో చేరిన తాత చిరునామా కృష్ణా జిల్లా కింద ఉంటుంది, 1942లో చేరిన తాతది పశ్చిమ గోదావరి కింద. పైగా ఇంగ్లీషు కాగితాల్లో ఏలూరు "ఎల్లోర్", కృష్ణా "కిస్ట్నా". గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా రాశాడు. ఇంటిపేరు అసలు రాయకపోవచ్చు. అందుచేత ఒక్క స్పెల్లింగు పట్టుకుని కూర్చోవద్దు.

మన సంఘాలవారికి ఇంకో చిక్కు ఉంది. సైన్యంలో ఒక పేరు, బాప్తిస్మం తరువాత ఇంకో పేరు. ఇంట్లో అందరికీ యోసేపు తాత, పట్టీలో పోలయ్య. ఇక్కడ పాత సంఘాల రిజిస్టర్లు ఆదుకుంటాయి. 1872 క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం రాసే పెళ్ళి రిజిస్టరులో తండ్రి పేరు, వృత్తి, నివాసం కూడా రాయాలి. వృత్తి గడిలో "సిపాయి" అని కనబడితే మీకు ఒక తేదీ, ఒక ఊరు, ఒక తండ్రి పేరు ఒకేసారి దొరికినట్టే.

పంజాబువారి సంగతి చూడండి. లాహోరు మ్యూజియంలో దుమ్ము పట్టి ఉన్న రిజిస్టర్లలో సుమారు 3,20,000 మంది సైనికుల వివరాలు ఊరి వారీగా ఉన్నాయి. వాటిని 2021 నుంచి ఇంటర్నెట్‌లో పెడుతూ వచ్చారు. ఇంగ్లండులో ఉన్న మనవలు తమ ముత్తాతల ఊరి పుటలు చూసుకోగలిగారు. మనకు అలాంటి పుస్తకం ఎవరో తయారుచేసి ఇచ్చేవరకూ ఆగనక్కరలేదు. ఒక నోటుపుస్తకం తీసుకుని మీ నాయనమ్మ దగ్గర, అమ్మమ్మ దగ్గర కూర్చోండి. తాత అసలు పేరు, ఆయన తండ్రి పేరు, ఊరు, ఏ దేశం వెళ్ళాడు, ఎప్పుడు వచ్చాడు, ఎవరితో కలిసి వెళ్ళాడు, ఇవన్నీ అడిగి రాయండి. ఆమె చెప్పింది చెప్పినట్టే రాయండి, సరిచూసుకోవడం తరువాత సంగతి. కాగితం వంద ఏళ్ళు ఆగింది, ఇంకో పదేళ్ళు ఆగుతుంది. ఎనభై అయిదేళ్ళ నాయనమ్మ అంతకాలం ఆగలేదు.

దొరికిన పేరును మీ కుటుంబ బైబిలు మొదటి పుటలో రాసి పెట్టండి. పిల్లల చేత ఒకసారి గట్టిగా చదివించండి.

దేవుడు మీ కుటుంబాలను దీవించును గాక.