రెల్లు గడ్డికి మనం పడ్డ బాకీ

అబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాల వేట అయ్యాక నాంపల్లి స్టేషన్ వైపు నడుస్తూ దారిలో చెరుకు రసం తాగడం నా అలవాటు. మన దగ్గర చక్కెర చరిత్ర అనగానే నిజాం కాలంలో బోధన్‌లో కట్టిన ఫ్యాక్టరీ గుర్తొస్తుంది. కానీ అసలు ఫ్యాక్టరీ చెరుకు గడలోనే ఉంది. దాని చరిత్ర ఎవరూ పెద్దగా చెప్పరు.

ఆకులో తయారైన చక్కెర గడలోకి దిగుతుంది. అక్కడ రెండు రకాల ఎంజైములు ఎదురెదురుగా పనిచేస్తుంటాయి. సుక్రోజ్ ఫాస్ఫేట్ సింథేజ్ చక్కెరను కూర్చడానికి తోడ్పడుతుంది, ఇన్వర్టేజ్ దాన్ని విడగొడుతుంది. అడవి గడ్డిలో విడగొట్టేదానిదే పైచేయి. ఆ చక్కెరంతా ఎదుగుదలకీ పీచుకీ ఖర్చయిపోతుంది. మన చెరుకు ముదిరేకొద్దీ ఇన్వర్టేజ్ జోరు తగ్గి, తీపి నిలవ ఉంటుంది. ఈ జన్యువులేవీ కొత్తవి కావు, అడవి గడ్డిలోనూ ఉన్నాయి. మారింది వాటి అదుపు. వేల ఏళ్ల కింద న్యూగినీ రైతులు గడలు నమిలి చూసి, తియ్యగా ఉన్నవాటి ముక్కలే మళ్లీ నాటారు. జన్యువనే మాట పుట్టకముందే జన్యువుల్ని ఏరారన్నమాట.

చెరుకుకి దగ్గరి చుట్టమైన జొన్నలో కథ ఇంకా చిత్రం. జొన్న కర్ర లోపల బెండులా ఎండిపోయేలా చేసే జన్యువు ఒకటుంది. అది చెడిపోయిన మొక్కల్లోనే కర్ర రసంతో నిండుతుందని 2018లో తేలింది. అంటే తీపి జొన్న రసం ఒక నష్టం వల్ల దొరికిన లాభం.

తీపి కోసమే ఏరితే మాత్రం మూల్యం తప్పదు. 1900 ప్రాంతంలో గోదావరి డెల్టా చెరుకుని ఎర్ర కుళ్లు తెగులు తినేసింది. దాన్ని అధ్యయనం చేసిన సి.ఎ. బార్బర్ ఆధ్వర్యంలో 1902లో సామర్లకోటలో ప్రయోగ క్షేత్రం మొదలైంది. 1912లో ఆయన కోయంబత్తూరు చెరుకు ప్రజనన కేంద్రానికి వెళ్లారు. అక్కడ టి.ఎస్. వెంకట్రామన్‌తో కలిసి, తియ్యటి చెరుకుని వాగు ఒడ్డున మొలిచే రెల్లుతో సంకరం చేశారు. పశువులు మేసే, గుడిసెలు కప్పే ఆ రెల్లే! అలా పుట్టిన కో 205 రకం 1918లో రైతుల చేతికొచ్చింది. ఈరోజు మనం తాగే రసం దాదాపుగా ఇలాంటి సంకరాలదే. వాటి క్రోమోజోముల్లో సుమారు 10 నుంచి 20 శాతం రెల్లువి. తీపి ఒక వంశానిదైతే, మొండితనం ఇంకొక వంశానిది.

కథ ఇంకా అయిపోలేదు. ఉత్తరప్రదేశ్ పొలాలన్నీ ఆక్రమించిన కో 0238 రకాన్ని ఈమధ్యే అదే ఎర్ర కుళ్లు దెబ్బతీసింది. మళ్లీ బంధువుల ఇంటికి వెళ్లాల్సిందే. ఈలోగా మనం ఇసుక కోసం వాగులు తోడేస్తున్నాం. రెల్లు పూసేది ఆ వాగుల్లోనే.