కాటూరు నుంచి ఇడుపులపాయ దాకా

ఇడుపులపాయ అనగానే కడప జిల్లాలో ఎవరికైనా వై.ఎస్. రాజశేఖరరెడ్డి సమాధి గుర్తొస్తుంది. అక్కడే ఉన్న ట్రిపుల్ ఐటీకి తొలి చాన్స్‌లర్ ఎవరని అడిగితే మాత్రం తడుముకునేవాళ్లే ఎక్కువ. ఆయన దబ్బల రాజగోపాల్ రెడ్డి. ప్రపంచానికి రాజ్ రెడ్డి. కంప్యూటర్ శాస్త్రంలో అన్నిటికన్నా పెద్దదైన ట్యూరింగ్ అవార్డు అందుకున్న మొదటి ఆసియా వాసి.

1937లో చిత్తూరు జిల్లా కాటూరులో రైతు కుటుంబంలో పుట్టారు. ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాడు ఆయనే. 1958లో మద్రాసు గిండీ కాలేజీలో సివిల్ ఇంజనీరింగ్ ముగించారు. నీళ్లకు మొహం వాచిన సీమలో సివిల్ చదివినవాడు కాలువల మీదో ఆనకట్టల మీదో పనికి కుదరాలి. ఈయన ఆస్ట్రేలియా వెళ్లారు. 1960లో న్యూ సౌత్ వేల్స్ యూనివర్సిటీలో ఎంటెక్, ఆ తర్వాత మూడేళ్లు అక్కడే ఐబీఎంలో ఉద్యోగం. అక్కడి నుంచి స్టాన్‌ఫర్డ్. ‘ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్’ అన్న పేరు పెట్టిన జాన్ మెకార్తీయే గురువు. 1966లో పీహెచ్‌డీ. విషయం: మనిషి మాటను యంత్రం గుర్తుపట్టడం.

ఇది వినడానికి తేలిక, చేయడానికి కాదు. ‘యాడికి పోతాండావ్’ అని కడప మనిషి ఒక్క ఊపున అంటే, ఎక్కడ ఒక మాట ఆగి రెండోది మొదలైందో చెవికి తెలియదు, అర్థం తెలిసిన బుర్రకే తెలుస్తుంది. ధ్వనిని ముక్కలు కోసుకుంటూ పోతే లాభం లేదు. 1969లో కార్నెగీ మెలన్‌కు మారాక రాజ్ రెడ్డి బృందం తయారుచేసిన ‘హియర్‌సే’ ఈ చిక్కునే పట్టుకుంది. పేరులోనే చమత్కారం ఉంది, చెప్పుడు మాట అని అర్థం. దాని మొదటి రూపం చదరంగం ఎత్తులను నోటితో చెబితే వినేది. రెండో రూపంలో ధ్వని తెలిసిన భాగం, పదాలు తెలిసిన భాగం, వాక్యం తెలిసిన భాగం ఒకే నల్లబల్ల మీద తమ ఊహలు రాసేవి. ఒకటి రాసింది చూసి ఇంకొకటి దిద్దేది. రచ్చబండ దగ్గర నలుగురూ తలో మాట వేసి తగువు తేల్చినట్టే. అదే బృందంలో 1976 నాటికి వచ్చిన ‘హార్పీ’ 1011 పదాలతో కట్టిన వాక్యాలను పోల్చుకోగలిగింది. ఈ పరిశోధనకు డబ్బు ఇస్తున్న అమెరికా రక్షణ శాఖ మాత్రం ఆ ఏడాదే దాన్ని ఆపేసింది. అయినా పని ఆగలేదు. ఆయన శిష్యుడు కై-ఫూ లీ 1988లో ‘స్ఫింక్స్’ తెచ్చాడు. ఎవరి గొంతునైనా, మాటల మధ్య ఆగకుండా మాట్లాడినా, ముందస్తు శిక్షణ లేకుండానే అది అందుకునేది.

పదవుల జాబితా పొడవైనదే: 1979లో రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్ వ్యవస్థాపక డైరెక్టర్, 1991లో కంప్యూటర్ సైన్స్ స్కూల్ డీన్, 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి ట్యూరింగ్, 2001లో పద్మభూషణ్. నాకు వీటికన్నా 1980ల్లో పారిస్‌లో చేసిన పని ముఖ్యంగా కనిపిస్తుంది. పేద దేశాలకు కంప్యూటర్‌ను చేర్చాలని ఫ్రాన్స్ ప్రభుత్వం పెట్టిన కేంద్రంలో ఆయన ప్రధాన శాస్త్రవేత్త. దానికే 1984లో అధ్యక్షుడు మిత్తెరాఁ లీజియన్ ఆఫ్ ఆనర్ ఇచ్చారు. చదువు రానివాడికీ యంత్రం పనికిరావాలంటే అది మాట వినాలి కదా! ప్రయోగశాలలో పనీ పారిస్‌లో పనీ వేరు వేరు కావు.

2008లో ఆయన తొలి చాన్స్‌లర్‌గా రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం ఇడుపులపాయ, నూజివీడు, బాసరల్లో ట్రిపుల్ ఐటీలుగా మొదలైంది. పదో తరగతి అయిన పల్లె పిల్లలకు ఆరేళ్ల చదువు, చేతికో ల్యాప్‌టాప్. హాస్టల్ లేని సర్కారు బడిలో చదివినవాళ్లకు గ్రేడుకు 0.4 కలిపి చూసేవారు. వేంపల్లె చుట్టుపక్కల బడిలో చదివిన పిల్లకూ పట్నం కార్పొరేట్ స్కూలు పిల్లకూ ఒకే కొలబద్ద పెట్టకూడదన్న లెక్క అది. అక్కడ రికార్డు చేసిన పాఠాల మీద అంతగా ఆధారపడటం నాకు నచ్చలేదు, ఆ వయసు పిల్లలకు ఎదురుగా నిలబడి అడిగే మాస్టారు కావాలి. కానీ ఆ 0.4 విషయంలో మాత్రం నాకు వేరే మాట లేదు.

2015లో కర్నూలుకూ ఒక ట్రిపుల్ ఐటీ వచ్చింది. జగన్నాథగట్టు మీద ఉంది. అది మాత్రం కేంద్రానిది, అక్కడ పదో తరగతి గ్రేడు చాలదు, సీటు రావాలంటే జేఈఈ రాయాలి.