‘మిస్సమ్మ’ అబద్ధమూ, ముల్కీ నిజమూ

సిరిసిల్లలో సాంచెలు ఆగితే తప్ప మనిషి మాట మనిషికి వినపడదు. అందుచేత అక్కడి సినిమా చర్చలన్నీ కరెంటు పోయినప్పుడు జరిగేవే. ఇరవై ఏళ్ల కిందట అటువంటి ఒక కరెంటు కోతలో, కార్ఖానా ముందు చాయ్ తాగుతూ, అరవై దాటిన ఇద్దరు నేతకార్మికులు ‘మిస్సమ్మ’ ఎవరి సినిమా అని పోట్లాడుకోవటం విన్నాను.

“సిన్మ రామారావుదే గని నవ్వు నాగేశ్వర్రావుది బావా” అన్నాడొకాయన.

“నవ్వు రేలంగిది. రామారావు సక్కగ నిలవడి ఉంటడు, సావిత్రి తిడుతుంటది. గంతే సిన్మ. గట్ల తిట్లువడ్డ రామారావు మల్ల యాడ దొరుకుతడు?” అన్నాడు రెండో ఆయన.

ఈ రెండో మాటను నేను ఆనాడే నోట్‌బుక్కులో రాసుకున్నాను. అభిమానుల మాటలను మన విమర్శ ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు. ఫ్యాన్సు అంటే కటౌట్లూ, పాలాభిషేకాలూ అనే చిన్నచూపు ఒకటి మనలో ఉన్నది. కాని చదువుకోని మనిషి ఒక కథను తన బతుకుతో ఎలా సరిచూసుకుంటాడో తెలుసుకోవాలంటే ఇంతకు మించిన ఆధారం ఉండదు. ఆ తర్వాత ఏళ్ల తరబడి సిరిసిల్లలోను, జగిత్యాలలోను, కోరుట్లలోను ఈ ఒక్క సినిమా గురించే పెద్దవాళ్లను అడుగుతూ వచ్చాను. ఎందుకీ సినిమాయే అంటే, ఇది నా వృత్తికి సంబంధించిన కథ. ఇందులో నాయికానాయకులు బడిపంతుళ్లు.

‘మిస్సమ్మ’ 1955 జనవరి 12న విడుదలయింది. విజయా వారి చిత్రం, నిర్మాతలు నాగిరెడ్డి, చక్రపాణి, దర్శకుడు ఎల్.వి. ప్రసాద్. పాటలూ మాటలూ పింగళివి, సంగీతం సాలూరు రాజేశ్వరరావుది. రామారావు సినిమాల్లోకి వచ్చి అప్పటికి ఆరేళ్లు. 1949లో ‘మనదేశం’లో అతన్ని తెరకెక్కించినవాడూ ఈ ప్రసాదే. విజయా వారి ‘మాయాబజార్’లో అతను కృష్ణుడయ్యేది 1957లో. అంటే ‘మిస్సమ్మ’ నాటికి అతనింకా జనానికి దేవుడు కాలేదు. ఉద్యోగం లేని బి.ఏ. కుర్రవాడు మాత్రమే. పేరు ఎం.టి. రావు. పింగళి ఆ పేరులోనే ఖాళీ జేబును పెట్టాడు.

కథ అందరికీ తెలిసిందే. అప్పారావుపేట జమీందారు గోపాలం, తప్పిపోయిన కూతురు మహాలక్ష్మి పేర బడి నడుపుతాడు. పంతులు, పంతులమ్మ ఇద్దరూ పట్టభద్రులై, భార్యాభర్తలై ఉండాలని ప్రకటన ఇస్తాడు. డేవిడ్ బాకీ తీర్చకపోతే అతన్ని పెళ్లాడవలసి వచ్చే మేరీ, పస్తులు తప్పించుకోవాలనుకునే రావు, ఇద్దరూ దొంగ దంపతులై ఆ కొలువు సంపాదిస్తారు. తరువాతదంతా ఆ అబద్ధాన్ని నిలబెట్టుకొనే అవస్థ. ‘మానమయీ గర్ల్స్ స్కూల్’ అనే బెంగాలీ హాస్యనాటకం దీనికి మూలం. మొదట మేరీగా భానుమతి నటించటం, చక్రపాణితో మాటపట్టింపు వచ్చి తప్పుకోవటం, సీత వేషానికని అనుకున్న సావిత్రికి మేరీ దక్కటం, సీత జమునకు పోవటం అభిమానులు ఈనాటికీ ఉత్సాహంగా చెప్పుకొనే సంగతులు. ‘దేవదాసు’ వచ్చిన రెండేళ్లకే అక్కినేని చిల్లర డిటెక్టివు వేషం కట్టటం ఆయన అభిమానులకు కొంత గర్వం, కొంత ఇబ్బంది. వీటి మీద ఇంతకన్నా సమయం వెచ్చించను.

కోరుట్లలో ఒక రిటైర్డు పంతులు అన్న మాట దగ్గర నేను చాలాకాలం ఆగిపోయాను. ఆయనకు ఎనభై దాటాయి. నేను చెప్పినదంతా విని నవ్వి, “దొంగ పెండ్లాం, దొంగ మొగడు అంటున్నవు గద సారూ. మాకు ఆ రోజులల్ల తెలిసింది దొంగ ముల్కీ” అన్నారు.

1955లో మన కరీంనగరం జిల్లా మద్రాసు నుంచి వేరుపడిన ఆంధ్ర రాష్ట్రంలో లేదు, హైదరాబాదు రాష్ట్రంలో ఉన్నది. 1948 దాకా ఇక్కడ పైచదువు ఉర్దూలో నడిచింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918 నుంచీ ఉర్దూ మాధ్యమమే. పోలీసు చర్య తరువాత బడులు తెలుగులోకి మారాయి. తెలుగులో పాఠం చెప్పగల పంతుళ్లు చాలినంతమంది లేరు. ఉన్నవాళ్లలో ఉర్దూలో చదువుకున్నవాళ్లే ఎక్కువ. ఆ ఖాళీలోకి కోస్తా జిల్లాల పట్టభద్రులు వచ్చారు. 1919 నాటి నిజాం ఫర్మానా ప్రకారం ఇక్కడ కొలువు కావాలంటే ముల్కీ కావాలి, అంటే పదిహేనేళ్లు ఈ రాజ్యంలో నివసించి ఉండాలి. నివాసం లేకున్నా నివాసపు కాగితం దొరికింది. 1952లో వరంగల్లులో సరిగ్గా ఉపాధ్యాయ నియామకాల మీదనే విద్యార్థులు కదిలారు. ఆ మంట హైదరాబాదుకు పాకి, సెప్టెంబరులో సిటీ కాలేజీ పరిసరాల్లో కాల్పులకు దారితీసింది. ప్రాణాలు పోయాయి. జస్టిస్ పింగళి జగన్మోహనరెడ్డి విచారణ జరిపారు.

ఇది జరిగిన రెండేళ్ల చిల్లరకు, అబద్ధపు అర్హతతో బడిపంతులు కొలువు సంపాదించటం ఎంత ముచ్చటైన పనో చెప్పే సినిమా మద్రాసులో తయారై వచ్చింది. విజయా వారు దీన్ని ఎరిగి తీశారని నేను అనటం లేదు. వాళ్లకు బెంగాలీ నాటకం ఉన్నది, నిరుద్యోగం దేశమంతా ఉన్నది. ఒకే కథ రెండు ప్రాంతాల ప్రేక్షకులకు రెండు రకాలుగా చేరే అవకాశం ఉన్నదని మాత్రమే అంటున్నాను. ఆంధ్ర రాష్ట్రపు నిరుద్యోగ పట్టభద్రుడు రావులో తనను చూసుకొని నవ్వుకున్నాడు. ఇక్కడి పట్టభద్రుడు ఆ రావు వల్ల తనకు రాకుండాపోయిన కొలువును కూడా చూడగలడు. కోరుట్ల పంతులు గారు ఆ రెండూ చూశారు. “నవ్వచ్చిందా?” అని అడిగితే, “ఎందుకు రాదు? సావిత్రిని చూస్తె ఎవలకైన నవ్వస్తది, ఏడుపస్తది” అన్నారు.

ఇక్కడ ఒక మాట. రావును దోషిగా నిలబెట్టటం నా ఉద్దేశం కాదు. వచ్చిన పంతులు కూడా ఆకలితోనే వచ్చాడు. దొంగ కాగితం రాయించుకున్నవాడి కంటే, ముప్పై ఏళ్లపాటు ఇక్కడ తెలుగు బడి పెట్టని ప్రభుత్వమే ఎక్కువ జవాబు చెప్పాలి. నేను సైతం డీయస్సీలో ‘స్థానికుడి’నని బోనఫైడు కాగితాలు పట్టుకొని వరుసలో నిలబడినవాణ్నే. ఆ కాగితం విలువా, దాని హాస్యమూ రెండూ తెలుసు.

జగిత్యాలలో చర్చ మరోవైపు మళ్లింది. అక్కడి పల్లెల్లో అడిగితే రామారావు గురించి కాదు, రంగారావు గురించి మాట్లాడారు. “గసొంటి దొర మా దిక్కు యాడున్నడు?” అన్నాడు ఒక ముసలి పాలేరు. కూతురి పేర బడి పెట్టి, పంతులు అలిగితే బతిమాలే జమీందారును ఈ ప్రాంతం ఎరగదు. ఇక్కడ దొర అంటే గడీ, వెట్టి. 1978 సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్రలో వేలాది రైతుకూలీలు కదిలింది ఆ గడీల మీదనే. మరునెలలోనే ప్రభుత్వం సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. గోపాలాన్ని మంచివాడిగా చూపటం చక్రపాణి తప్పు కాదనేవాళ్లు ఉన్నారు. హాస్యంలో అందరూ మంచివాళ్లేనని వాళ్ల వాదన. ఒప్పుకుంటాను. కాని హాస్యం ఎవరిని మంచివాణ్ని చేస్తే నడుస్తుందో కూడా చూడాలి గదా. జీతమిచ్చేవాడు మంచివాడైతేనే రావు అబద్ధం ముద్దుగా ఉంటుంది. అతను గడీ దొరే అయివుంటే మొదటి రీలులోనే కథ ముగిసేది.

ఆ సినిమాలో నాకు నిజంగా నచ్చనిది వేరే ఉన్నది. మేరీ క్రైస్తవురాలు. రావు హిందువు. ఇద్దరి మధ్యా ప్రేమ పుట్టాక రచయిత ముందు ఒక కష్టమైన ప్రశ్న నిలిచింది. దానికి అతను జవాబు వెతకలేదు, పుట్టుమచ్చ వెతికాడు. మేరీయే తప్పిపోయిన మహాలక్ష్మి అని తేలింది. ప్రశ్న దానంతటదే మాయమయింది. శరత్తును తెలుగులోకి తెచ్చిన చక్రపాణికి ఆ ప్రశ్న బరువు తెలియదని అనుకోలేం. అది తెలిసే తప్పించుకున్నాడని నా అభిప్రాయం.

కోరుట్లలో బీడీలు చేసే ఆడవాళ్లు మాత్రం ఈ పుట్టుమచ్చను ఖాతరు చేయలేదు. ఒళ్లో చాటలు పెట్టుకొని, తునికాకు కత్తిరిస్తూ, టీవీలో ఎన్నిమార్లో చూసిన ఆ సినిమాను వాళ్లు చెప్పిన తీరు వేరు. వాళ్లకు అది అప్పున్న ఆడపిల్ల కథ. డేవిడ్ బాకీ గురించి ఒక్క మగవాడూ నాతో ప్రస్తావించలేదు. ఈ ఆడవాళ్లు మొదలుపెట్టిందే అక్కడ. “బాకి తీరేదాంక ఆడెమో మొగడు, తీరినంక ఎవడో. గట్ల ముందే మాట తీసుకున్నది సూడు, గది తెలివి” అన్నదొక ఆమె. పక్కనున్నామె, “మా ఆయన దుబాయిల ఉన్నడు అక్కా, నాకు గూడ మొగడు పేరుకే” అంటే అందరూ నవ్వారు. ఆ నవ్వులో ‘మిస్సమ్మ’ ఎంత ఉన్నదో, గల్ఫు ఎంత ఉన్నదో నేను విడదీయలేను.

రామారావు అభిమానుల చర్చ 1982 మార్చిలో తెలుగుదేశం పుట్టాక మారిపోయింది. 1983 జనవరిలో అతను ముఖ్యమంత్రి అయ్యాడు. ఎం.టి. రావును వాళ్లు పక్కన పెట్టి కృష్ణుణ్ని, రాముణ్ని ముందుకు తెచ్చారు. తిట్లు తినే రామారావు పార్టీకి పనికిరాడు. ఆ ఏడాదే ప్రభుత్వోద్యోగుల పదవీ విరమణ వయసును 58 నుంచి 55కు దించినప్పుడు, “ఒకప్పుడు కొలువు కోసం దొంగ పెండ్లి చేసుకున్నోడు, ఇప్పుడు మా కొలువులు పీకుతున్నడు” అని స్టాఫ్‌రూముల్లో జోకు నడిచిందట. తరువాత ఆ నిర్ణయం వెనక్కి పోయింది.

అంతకంటె విచిత్రమైనది 1985 డిసెంబరు 30 నాటి 610 జీవో. 1975 అక్టోబరు 18 తరువాత నిబంధనలకు విరుద్ధంగా తెలంగాణ జోన్లలో చేరిన స్థానికేతర ఉద్యోగులను 1986 మార్చి 31లోగా వారి జోన్లకు తిప్పిపంపాలని ఆదేశించిన ఉత్తర్వు అది. దాన్ని వెలువరించింది రామారావు ప్రభుత్వమే. అనర్హతతో చేరిన పంతులు వేషం కట్టిన మనిషే, అటువంటి పంతుళ్లను వెనక్కి పంపమని ఆదేశించాడన్నమాట. ఆ ఆదేశం అమలు కాలేదు. ఎందుకు కాలేదో తేల్చటానికి 2001లో గిర్‌గ్లానీ కమిషను వేయవలసి వచ్చింది.

కోరుట్ల పంతులు గారికి ఈ సంగతి చెప్పాను. ఆయనకు జీవో నెంబరు నాకన్నా బాగా గుర్తున్నది. కొంచెంసేపు ఆగి, “సిన్మల సుత పంపలేదు గద సారూ. రంగారావు అందరిని ఇంట్లనే ఉంచుకున్నడు” అన్నారు.