పుదుచ్చేరిలో గోల్కొండ

పుదుచ్చేరి నగరమున ‘గోల్కొండ’ అను పేరుగల భవనమొకటి కలదు. కుతుబ్‌షాహీల దుర్గమునకును, ఆ సముద్రతీర పట్టణమునకును సంబంధమేమని వినువారికి సందేహము కలుగుట సహజము. 1930వ దశాబ్దమున శ్రీ అరవిందాశ్రమమువారు సాధకుల నివాసమునకై వసతిగృహము నొకదానిని కట్టదలచినప్పుడు, హైదరాబాదు సంస్థానమున ప్రధానిగా నుండిన సర్ అక్బర్ హైదరీ నిజాము ప్రభుత్వమునుండి లక్ష రూపాయల విరాళమును ఇప్పించెను. అందులకు గురుతుగా భవనమునకు ఆ పేరు పెట్టిరి. మన పేరు మోయుచున్న ఆ కట్టడమునుండి మన ఇండ్లు నేర్వదగిన పాఠ మొకటి ఉన్నది. దానిని మనవి చేయుటయే ఈ ప్రసంగమున మా ఉద్దేశము.

ఈ భవనమును రూపొందించిన ఆంటొనిన్ రేమండ్ 1888లో బొహీమియాలో జన్మించిన వాస్తుశిల్పి. ఫ్రాంక్ లాయిడ్ రైట్ టోక్యోలో ఇంపీరియల్ హోటలును కట్టించుచున్న కాలమున అతని సహాయకుడుగా జపాను చేరి, పిమ్మట అక్కడనే పలు సంవత్సరములు వృత్తి సాగించెను. గోల్కొండ పని 1937లో ఆరంభమయ్యెను. రేమండ్ సహచరులైన జార్జ్ నకషిమా, ఫ్రాంటిషెక్ సామెర్ అనువారు స్థలముననే యుండి పని నడిపించిరి. ఈ నకషిమాయే తరువాత అమెరికాలో కొయ్యసామగ్రి శిల్పిగా లోకప్రసిద్ధి గాంచెను. లె కార్బూజియే చండీగఢ్ నిర్మాణమునకు పూనుకొనినది 1951లో. అంతకు పదేండ్లకు పైగా ముందే మన దేశమున ఆధునిక కాంక్రీటు వాస్తువు ఇక్కడ రూపు దాల్చినది.

కాని మేము చెప్పదలచినది కాంక్రీటును గూర్చి కాదు, గాలిని గూర్చి. పుదుచ్చేరిలో ఎండతోపాటు సముద్రపు ఉక్కయు అధికము. యంత్రముల ఆధారము లేకుండ మనిషి ఒడలికి హాయి గొలుపు గది కట్టుట ఎట్లు? ఇదియే శిల్పి ఎదుటనున్న ప్రశ్న. అతడు భవనపు పొడవైన ముఖములను ఉత్తర దక్షిణములకు త్రిప్పెను. ఉదయ సాయంకాలములందు ఏటవాలుగా దూసికొని వచ్చు సూర్యకిరణమును ఆపుట కష్టము. ఆ ఎండ పడు తూర్పు పడమరలకు భవనపు కురుచ ప్రక్కలు మాత్రమే మిగిలినవి. ఉత్తర దక్షిణ ముఖములకు గాజు కిటికీలు పెట్టలేదు. గోడకు బదులుగా సిమెంటు పలకలను అడ్డముగా, వరుసగా అమర్చి, కావలసినంత తెరచుటకును, వాన కురియునప్పుడు మూయుటకును వీలు కల్పించిరి. ఉత్తరమున నడవ, దక్షిణమున గదులు. రెంటికి నడుమ టేకు తలుపులు. తలుపు మూసియున్నను పట్టెల సందులనుండి గాలి పోవును, చూపు మాత్రము పోదు. అనగా గాలికి త్రోవ, మనిషికి మరుగు, రెండును దక్కినవి. నేలకు పరచినది మన కడప రాయి.

పైకప్పు విషయమున మరియొక యుక్తి కలదు. కాంక్రీటు మిద్దెపై కొంత ఎడముగా, వంపు తిరిగిన కాంక్రీటు పెంకులతో రెండవ కప్పు వేసిరి. ఎండ పై కప్పునకు తగులును. నడుమనున్న సందున గాలి ఆడుచు ఆ వేడిని కొనిపోవును. క్రింది గది చల్లగా నుండును.

ఈ పని ఆరు మాసములలో ముగియునని రేమండ్ తలచెను. కాని సంవత్సరములు పట్టెను. పనివారిలో ఆశ్రమవాసులు పెక్కురు. అంతకుముందు తాపీ పట్టి యెరుగనివారు వారిలో ఉండిరి. నడుమ ప్రపంచయుద్ధము వచ్చిపడెను. పాత ఇత్తడి పాత్రలను సేకరించి, కరిగించి, తలుపులకును పలకలకును కావలసిన సామగ్రిని పోతపోసికొనిరి. ఇంతటి తీరిక, ఇంతటి ఉచిత శ్రమ సామాన్య గృహస్థునకు లభింపవు. కావున గోల్కొండను ఉన్నది ఉన్నట్లు అనుకరింపుడని మేము చెప్పబోము.

అయినను అందలి సూత్రములు ఖరీదైనవి కావు. యోచించినచో అవి మనకు క్రొత్తవియు కావు. గోదావరి, కృష్ణా మండలములందలి మండువా లోగిలిని తలచికొనుడు. ఇంటి నడుమ ఆకాశమునకు తెరచియుంచిన మండువా వెలుతురును లోనికి తెచ్చును, వేడిగాలిని పైకి పంపును. వీధి అరుగుపై వాలిన చూరు గోడకు ఎండ తగులనీయదు. పెంకుటింటి అటుక చేయు పనియు, గోల్కొండ రెండు కప్పుల నడుమ సందు చేయు పనియు ఒక్కటియే. మన పెద్దలు మట్టితోను, కొయ్యతోను సాధించినదానినే రేమండ్ సిమెంటుతో సాధించెను.

ఇందువలన ఒక సంగతి స్పష్టమగుచున్నది. ‘సిమెంటు ఇల్లు గనుక ఉడికిపోవుచున్నది’ అని మనము చెప్పుకొను సమాధానము పూర్తిగా నిజము కాదు. దోషము సిమెంటుది మాత్రమే కాదు, యోచన లేకుండ దానిని వాడినవారిది కూడ. పడమటి ఎండకు నిలువెల్ల గాజు తలుపులు పెట్టి, ఎదురెదురు కిటికీలు లేకుండ గదులు కట్టి, ఒంటి మిద్దె వేసి, పిదప శీతలయంత్రమును కొని తెచ్చుచున్నాము. ఆ యంత్రము మన గదిలోని వేడిని తీసి ప్రక్క సందులోనికి వదలును. యంత్రము కొనజాలనివాడు ఆ వేడిని భరింపవలెను. 2015 మే మాసమున తెలుగునేలపై వడగాలులకు వేయిమందికి పైగా ప్రాణములు కోలుపోయిరి. ఎండన పనిచేయక తప్పనివారికి సాయంకాలము ఇంటికి చేరిన పిదపనైనను చల్లదనము దొరకకున్న, దానిని ఇల్లు అనుట ఎట్లు?

కావున ఇల్లు కట్టదలచినవారు శంకుస్థాపనకు ముందే మేస్త్రీని మూడు ప్రశ్నలు అడుగుదురుగాక. పడమటి ఎండ ఏ గదిపై పడును? గాలి ఎటు వచ్చి ఎటు పోవును? కప్పు వేడెక్కినచో ఆ వేడి ఎక్కడికి పోవును? కాగితముపై గీత మార్చుటకు ఖర్చు స్వల్పము. గోడ లేచిన తరువాత మార్చుట కష్టము.