గాజుపలకలపై ఆకాశము

నేడు ఉన్నత పాఠశాలలలో చదువుచున్న విద్యార్థులలో ఫిలిముచుట్టను చేతితో తాకినవారు అరుదు. పెండ్లి ఫోటోలు, సినిమాలు, ఆసుపత్రి ఎక్స్‌రేలు, భూముల పత్రములు అన్నియు అంకెల రూపములోనికి మారినవి. ఇందు వేగమున్నది, చౌక ఉన్నది. ఎన్ని నకళ్ళు తీసినను మొదటిదానికి మసక పట్టదు. అయినను ఇంటిలోని పెద్దలు ఒక శంకను వెలిబుచ్చుచుందురు. తాతగారి పెండ్లి ఫోటో ఇంకను గోడపై ఉన్నది. నిరుడు సెల్‌ఫోనుతో తీసినవి ఎక్కడ ఉన్నవో ఎవరికిని తెలియదు. ఇవి నిలుచునా?

ఈ శంకలో నిజమెంతయో పరీక్షించుటకు ఖగోళశాస్త్ర చరిత్ర మనకు చక్కగా ఉపయోగించును. ప్రయోగశాలలో కొలత తప్పినచో ప్రయోగమును మరల చేయవచ్చును. 1890వ సంవత్సరములోని ఒక రాత్రి ఆకాశమును మరల ఫోటో తీయుట ఎవరి తరము?

1887 ఏప్రిల్ నెలలో పారిస్ నగరమున ఖగోళశాస్త్రజ్ఞుల అంతర్జాతీయ సభ జరిగినది. పారిస్ వేధశాల అధిపతి అడ్మిరల్ మూషే దానికి ప్రోత్సాహకుడు. ఆ వేధశాలలోనే పనిచేయుచుండిన పాల్ హెన్రీ, ప్రాస్పర్ హెన్రీ అను సోదరులు ఆకాశమును ఫోటో తీయుటకు తగిన 33 సెంటీమీటర్ల కటకమును అంతకు ముందే సిద్ధము చేసియుండిరి. సభవారు గొప్ప సాహసమునకు పూనుకొనిరి. ఆకాశమంతటిని పట్టీలుగా విభజించి, ఒక్కొక్క పట్టీని ఒక్కొక్క వేధశాలకు అప్పగించి, అందరును ఒకే కొలతకు ఫోటోలు తీయవలెనని నిర్ణయించిరి. పలకపై ఒక మిల్లీమీటరు ఆకాశమున డిగ్రీలో 60వ వంతుకు సరిపోవలెను. ఒక మోస్తరు ప్రకాశము వరకు గల నక్షత్రముల స్థానములను కొలిచి పట్టికలు అచ్చువేయుట పనిలో మొదటి భాగము. అంతకన్న మసకవానిని కూడ చూపు పటమును తయారుచేయుట రెండవది. మొత్తముపై 20 వేధశాలలు ఇందు పాల్గొన్నవి. కొలది సంవత్సరములలో ముగియునని తలచిన పని అర్ధశతాబ్దము గడచినను ముగియలేదు.

ఫోటోలను గాజుపలకలపై తీసిరి. ఫిలిము తడిసి ఆరునప్పుడు రవంత సాగును, ముడుచుకొనును. గాజు అట్లు మారదు. గాజుపై జెలటిన్ పూత, ఆ పూతలో సిల్వర్ బ్రోమైడు రేణువులు ఉండును. కాంతి సోకిన రేణువులు డెవలపరు ద్రావణములో నల్లని వెండిగా మారును. కాంతి సోకని వానిని హైపో ద్రావణము కరగించివేయును. తుదకు తెల్లని ఆకాశమున నల్లని చుక్కలుగా నక్షత్రములు మిగులును. ఈ పలకను కిటికీ వెలుగుకు ఎత్తి పట్టి, చేతిలో భూతద్దమున్నచో ఎవరైనను చదువవచ్చును. ఈ చిన్న సంగతిని పాఠకులు గుర్తుంచుకొందురు గాక. దీనితో ముందు పని కలదు.

ఈ మహాకార్యములో మన హైదరాబాదుకు కూడ పాలు కలదు. నవాబ్ జఫర్ జంగ్ నక్షత్రములపై మక్కువతో ఇంగ్లండు నుండి దుర్భిణులను తెప్పించి 1901లో ఫిసల్‌బండలో సొంత వేధశాలను నెలకొల్పెను. ఆయన 1907లో మరణించిరి. మరుసటి యేడు నిజాం ప్రభుత్వము వేధశాలను స్వీకరించి, పిమ్మట బేగంపేటకు తరలించినది. అప్పటికి చిలీ దేశపు శాంటియాగో వేధశాలకు అప్పగించిన పట్టీ పని సాగక నిలిచియుండెను. ఖగోళమున దక్షిణముగా 17 నుండి 23 డిగ్రీల వరకు గల ఆ పట్టీ మన నిజామియా వేధశాల వంతుకు వచ్చినది. తరువాత జర్మనీలోని పోట్స్‌డాం పట్టీలో 36 నుండి 39 డిగ్రీల ఉత్తర భాగమును కూడ హైదరాబాదే నెత్తికెత్తుకొనెను. చాట్‌వుడ్, పోకాక్, భాస్కరన్ అను అధిపతుల కాలములో 8 అంగుళముల కటకము గల దుర్భిణితో ఈ పని సాగినది. పలకను కొలతయంత్రము క్రింద ఉంచి, ఒక్కొక్క చుక్క అడ్డుకొలతను, నిలువుకొలతను చదివి పుస్తకములో ఎక్కించుకొనవలెను. లక్షల చుక్కలను ఇట్లు కొలిచిరి. వెర్నియర్ కాలిపర్సుతో పది కొలతలు తీయుటకే మన తరగతిలోని పిల్లలు విసుగుకొందురు. ఏండ్ల తరబడి ఆ బల్ల ముందు కూర్చున్నవారి ఓపిక ఎట్టిదో ఉపాధ్యాయులు ఊహించుకొనవచ్చును.

ఇంతకును ఫలితమేమి? పట్టికలు 254 సంపుటములుగా వెలువడినవి. పటము మాత్రము పూర్తి కానే లేదు. యూరప్ వేధశాలల శక్తియంతయు దీనికే ఖర్చయి, నూతనమైన నక్షత్ర భౌతికశాస్త్రములో అవి వెనుకబడెనని విమర్శ వచ్చినది. పైగా సంపుటములలో అచ్చయినవి పలకపై మిల్లీమీటరు కొలతలు. వానిని ఆకాశ స్థానములుగా మార్చుటకు తగిన ఓపిక ఎవరికిని లేక, పుస్తకములు గ్రంథాలయములలో దుమ్ము పట్టి ఉండెను.

1989లో ఐరోపా దేశములవారు హిపార్కస్ అను ఉపగ్రహమును పంపిరి. అది 1993 వరకు నక్షత్ర స్థానములను అతి సూక్ష్మముగా కొలిచినది. అప్పుడు శాస్త్రజ్ఞులకు పాత సంపుటములు జ్ఞాపకమునకు వచ్చినవి. మాస్కోలోని స్టెర్న్‌బర్గ్ సంస్థవారు ఆ అంకెలను కంప్యూటరులోనికి ఎక్కించిరి. అమెరికా నౌకాదళ వేధశాలవారు వానిని సరిచేసి 1997లో సుమారు 46 లక్షల నక్షత్రముల పట్టికను సిద్ధపరచిరి. దానిని ఉపగ్రహపు కొలతలతో పోల్చి చూడగా, 2000లో వెలువడిన టైకో-2 పట్టికకు 25 లక్షల నక్షత్రముల స్వంత కదలికలు దొరకినవి.

ఇందలి లెక్కను విద్యార్థులు తామే చేయవచ్చును. డిగ్రీలో 3600వ వంతును సెకండు అందుము. పాత పలకలలో ఒక చుక్క స్థానమున పొరపాటు సుమారు 0.2 సెకండు, అనగా పలకపై మిల్లీమీటరులో 300వ వంతు. పలకకును ఉపగ్రహమునకును మధ్య ఎడము సుమారు 85 సంవత్సరములు. 0.2ను 85తో భాగించినచో, కదలికలోని పొరపాటు సంవత్సరమునకు సెకండులో సుమారు 400వ వంతుకు దిగును. పలక మొరటుదే, గడచిన కాలము దానిని సూక్ష్మ పరికరముగా మార్చినది. 2013లో బయలుదేరి 2025 ఆరంభము వరకు పరిశీలనలు జరిపిన గయా ఉపగ్రహము ఈ కదలికలను తానుగానే ఇంకను సూక్ష్మముగా కొలిచిన మాట నిజము. కాని నూరేండ్ల క్రిందట ఒక నక్షత్రము ఎంత వెలుగుచుండెనో చెప్పుట ఏ ఉపగ్రహము వలనను కాదు.

దీనికి మంచి ఉదాహరణము హార్వర్డు వేధశాలలో కలదు. అక్కడ 1880ల నుండి తీసిన పలకలు ఐదు లక్షలకు పైగా ఉన్నవి. 1963లో మార్టెన్ ష్మిట్ 3సి 273 అను వింత జ్యోతి 200 కోట్ల కాంతి సంవత్సరములకు మించిన దూరమున ఉన్నదని కనుగొనెను. క్వాజారు అను జాతిలో మొదట తెలియవచ్చినది ఇదియే. వెంటనే హార్లన్ స్మిత్, డొరిట్ హాఫ్‌లైట్ అనువారు పాత పలకలను తీసి చూచిరి. ఆ జ్యోతి పందొమ్మిదవ శతాబ్దపు పలకలలోనే మామూలు చుక్కవలె కూర్చుండియున్నది! దాని వెలుగు ఏండ్ల వ్యవధిలో హెచ్చుచు తగ్గుచు ఉన్నట్లు అందు తేలినది. అంత త్వరగా మారు వస్తువు నక్షత్రసముదాయమంత పెద్దది కాజాలదు. పలకలు తీసినవారికి క్వాజారు అను మాటయే తెలియదు. ఏది పనికివచ్చునో ఎరుగక అంతయు దాచినందువలన ఇది దొరకినది.

గాజుపలకలకు చావు లేదని మాత్రము అనుకొనరాదు. గాజు పగులును, జెలటిన్ పూత పెచ్చులూడును, మన తేమగాలికి బూజు పట్టును. 2016 జనవరిలో హార్వర్డు వేధశాల వద్ద నీటిగొట్టము పగిలి సుమారు 61,000 పలకలు మునిగినవి. ఫిలిము సంగతి మరింత చెడ్డది. పాతకాలపు నైట్రేటు ఫిలిము అగ్గి రవ్వకు భగ్గుమనును. 2003 జనవరిలో పూనాలో జరిగిన అగ్నిప్రమాదములో మన దేశపు మూగచిత్రములు, తొలినాటి టాకీలు ఎన్నో దగ్ధమైనవి. తరువాత వచ్చిన ఎసిటేటు ఫిలిము కాలక్రమమున వెనిగరు వాసన కొట్టుచు కుంచించుకొని పోవును.

కావున ఖగోళశాస్త్రజ్ఞులు గాజును విడిచినందుకు నిందింప పనిలేదు. 1969లో బెల్ ప్రయోగశాలలో బాయిల్, స్మిత్ అనువారు కనిపెట్టిన సి.సి.డి. అను సిలికాన్ బిళ్ళ, తనపై పడిన కాంతికణములు నూటిలో 80, 90 వరకు పట్టుకొనగలదు. గాజుపలక పట్టుకొనునవి నూటికి రెండు మూడు మాత్రమే. ఇంతటి లాభమును ఎవరు కాదందురు? ఈ పరికరమునకే 2009లో నోబెల్ బహుమానము కూడ వచ్చినది.

చిక్కు మరియొక చోట ఉన్నది. 1966, 1967 సంవత్సరములలో అమెరికావారు లూనార్ ఆర్బిటర్ అను ఐదు నౌకలను చంద్రుని చుట్టు తిరుగుటకు పంపిరి. అవి ఫిలిముపై ఫోటో తీసి, నౌకలోనే కడిగి, వెలుగు చుక్కతో చదివి, రేడియో ద్వారా భూమికి పంపెడివి. ఆ సంకేతములను రెండంగుళముల వెడల్పు గల అయస్కాంతపు టేపులపై పట్టిరి. ఈ టేపులు అంకెల రూపమువి కావు గాని, యంత్రము లేనిదే చదువరాని రికార్డు ఎట్లుండునో ఇవి ముందుగానే చూపినవి. మూల ఫిలిములు నౌకలతోపాటు చంద్రునిపై కూలిపోయినవి. లోకమునకు మిగిలినవి టేపులు, వానినుండి నాడు తీసిన నాసిరకపు నకళ్ళు. టేపులను చదువు యంత్రములు ఎఫ్.ఆర్.-900 అను పెద్ద బీరువాల వంటివి; వాని తయారీ ఎన్నడో ఆగిపోయినది. నాన్సీ ఎవాన్స్ అను నాసా ఉద్యోగిని టేపులను పారవేయనీయక కాపాడి, పాడుబడిన కొన్ని యంత్రములను తన ఇంటి కారుషెడ్డులో ఏండ్ల తరబడి దాచియుంచెను. 2007 తరువాత కొందరు ఔత్సాహికులు వానిని మూతపడిన ఒక ఫలహారశాలలోనికి చేర్చి బాగుచేసిరి. చంద్రుని అంచుపై భూమి కానవచ్చు 1966 ఆగస్టు నాటి చిత్రము, మొదట ఎవరును చూడనంత స్పష్టతతో 2008లో వెలుగు చూచినది. ఒక స్త్రీ పట్టుదలయు, ఒక కారుషెడ్డును లేకున్నచో టేపులు అయస్కాంతపు పూత పూసిన ప్లాస్టిక్ చుట్టలుగా మిగిలియుండెడివి.

గాజుపలకలో గుర్తును, దానిని చదువు దారియు ఒక్కచోటనే ఉన్నవి. అంకెల రికార్డులో ఈ రెండును వేరయినవి. గుర్తు ఒకచోట, చదువు యంత్రము ఒకచోట, ఏ అంకె దేనికి అను సంకేతము తెలిసినవాని తల మరియొకచోట. మూడింటిలో ఏ ఒక్కటి పోయినను మిగిలిన రెండును వ్యర్థము. నేను ఎం.ఎస్‌సి. చదువునాడు తీసిన వర్ణపటముల కొలతలను ఒక సి.డి.పై దాచుకొంటిని. ఆ మధ్య పిల్లలకు చూపుదమని తీయగా, మా కాలేజీ కంప్యూటర్లలో సి.డి. పెట్టు చోటే లేదు. ఎరువు తెచ్చిన యంత్రముతో తెరచినచో కొన్ని దస్త్రములు తెరుచుకొన్నవి. అయితే నేనే పెట్టిన పట్టిక శీర్షికలు నాకే అర్థము కాలేదు.

మన పూర్వులకు ఈ తేడా కొత్తది కాదు. రాజు దానము చేసిన భూమిని రాగిరేకుపై చెక్కించెను; మట్టిలో ఎన్ని శతాబ్దములున్నను, త్రవ్వి కడిగినచో అక్షరములు కనబడును. కావ్యము తాటాకుపై ఉండెను. పురుగుకును తేమకును తాటాకు ఆగదు గనుక ప్రతి కొన్ని తరములకును ఎవరో ఒకరు కూర్చుండి తిరుగ వ్రాయవలసినదే. ఒక తరము మానినచో ఆ కావ్యము లేదు. పందొమ్మిదవ శతాబ్దములో బ్రౌను దొర కడపలో జీతమిచ్చి పండితులచేత ప్రతులు వ్రాయించినది ఇందుకే. కంప్యూటరు దస్త్రము చూపునకు రాగిరేకు కన్న గట్టిది. నడతలో తాటాకు జాతి. డిస్కులు, యంత్రములు మారినప్పుడెల్ల దానిని తిరుగ వ్రాయవలెను, తప్పులు సరిచూడవలెను. ఆ వ్రాయసగాని జీతము బడ్జెటులో ఉన్నదా అని అడుగువారు తక్కువ.

ఖగోళశాస్త్రజ్ఞులు ఈ విషయములో ఇతరుల కన్న ముందుగా మేలుకొనిరి. 1981లో వారు ఫిట్స్ అను దస్త్రపద్ధతిని ఏర్పరచిరి. ఇందు ప్రతి చిత్రము తలభాగమున, చిత్రము ఎన్ని వరుసలది, ఏ దుర్భిణితో ఏ తేదీన తీసినది మొదలగు వివరములు సాదా అక్షరములలో ఉండును. తాటాకు కట్టపై గ్రంథము పేరు వ్రాసినట్టిదే ఇది. పాత దస్త్రములు చెల్లకుండునట్లు పద్ధతిని ఎన్నడును మార్చరాదని కూడ నియమము. ఇందలి మంచిని గ్రహించి రోములోని వాటికన్ గ్రంథాలయమువారు తమ వ్రాతప్రతుల చిత్రములను ఇదే పద్ధతిలో భద్రపరచుచున్నారు.

ఇక పలకలను అంకెలలోనికి మార్చిన తరువాత పలకలను ఏమి చేయవలెను? బరువు, చోటు, అద్దె అను మాటలు వెంటనే వచ్చును. హార్వర్డులో 2024 నాటికి నాలుగు లక్షలకు పైగా పలకలను మార్చిరి. ఆనాటి స్త్రీ గణకులు గాజుపై సిరాతో పెట్టిన గుర్తులు చుక్కలకు అడ్డువచ్చుచున్నవని, ముందు వానిని ఫోటో తీసి, పిదప పలకను తుడిచిరి. చరిత్రలో ముఖ్యమనుకొన్న కొన్నింటిని మాత్రము తుడువక విడిచిరి. ఏది ముఖ్యమో ముందుగా తెలియునా అను సందేహము నాకు కలదు. క్వాజారు కథ వ్రాసిన చేతితోనే దీనిని వ్రాయుచున్నాను.

మన దేశములో కొడైకెనాల్ వేధశాలవారు 1904 నుండి సూర్యుని చిత్రములను పలకలపై తీసిరి. ఎవర్షెడ్ 1909లో సూర్యుని మచ్చలలో వాయువులు వెలుపలికి ప్రవహించుటను కనుగొన్నది ఇచ్చటనే. ఈ పలకలను మొదట ఒకసారి అంకెలలోనికి మార్చిరి. అప్పటి యంత్రము వెలుగునీడలలో 256 మెట్లను మాత్రమే గుర్తించెడిది. సూర్యబింబపు సన్నని ఛాయలకు అది చాలలేదు. కొన్ని సంవత్సరముల పిమ్మట, అడ్డుకును నిలువుకును 4096 గడులు, 65,536 మెట్లు గల సి.సి.డి. కెమేరా వచ్చినప్పుడు, పని అంతయు మరల మొదటినుండి చేసిరి. పలకలు అప్పటికిని కొండమీద పెట్టెలలో ఉన్నవి గనుక చేయగలిగిరి.