ఏకగ్రీవమా? ఎన్నికా?

పదవికి పోటీపడే వ్యక్తిని మనం అభ్యర్థి అంటాము. అభ్యర్థించువాడు అభ్యర్థి, అనగా అడుగువాడు. అడుగుట మన లోకంలో ఎన్నడూ గొప్ప పని కాలేదు. విష్ణుమూర్తి అంతటివాడు కూడ అడగవలసి వచ్చినప్పుడు పొట్టివాడు కాక తప్పలేదు. అందువల్లనే కాబోలు, పార్టీ పదవిని కోరి ముందుకు వచ్చిన మనిషిని అనుమానంగా చూస్తాము. పోటీ లేకుండ నెగ్గిన మనిషిని "ఏకగ్రీవంగా ఎన్నికైనారు" అని మెచ్చుకొంటాము. గ్రీవమంటే మెడ. అందరికీ కలిపి ఒకే మెడ ఉండుట ఐకమత్యమా, లేక మిగిలిన మెడలన్నీ వంగి ఉండుటయా? ఇది చరిత్రను అడిగి తెలుసుకొనవలసిన ప్రశ్న.

ఈ ప్రశ్నకు సంబంధించిన ఒక ఘట్టం మా పడమటి కర్నూలు సీమలోనే జరిగినది. 2022 అక్టోబరు 17న కాంగ్రెసు అధ్యక్ష పదవికి దేశమంతటా పోలింగు జరిగినది. మల్లికార్జున ఖర్గే, శశి థరూర్ అభ్యర్థులు. అప్పుడు పాదయాత్రలో ఉన్న రాహుల్ గాంధీ బళ్ళారి దగ్గరి సంగనకల్లు శిబిరంలో ఓటు వేసి, మరునాడు ఆలూరు ప్రాంతంలో ఆంధ్రరాష్ట్రంలో అడుగుపెట్టినారు. 19న ఢిల్లీలో ఓట్లు లెక్కిస్తూ ఉండగా ఆయన పత్తి వ్యాపారానికి పేరుపొందిన ఆదోనిలో ఉన్నారు. పార్టీలో ఇకమీదట మీ పాత్ర ఏమిటని విలేకరులు అడిగినారు. అది నిర్ణయించవలసినవారు అధ్యక్షులేనని, ఖర్గేనే అడగండని ఆయన బదులు చెప్పినారు. ఫలితం అధికారికంగా వెలువడకముందే ఆ పేరు చెప్పినారని వార్తలు వచ్చినవి. లెక్కింపు సరళి అప్పటికే తేటపడినదని పార్టీ వివరణ ఇచ్చినది. ఖర్గేకు 7,897 ఓట్లు, థరూర్‌కు 1,072 ఓట్లు వచ్చినవి. చెల్లనివి 416. యాత్ర చేనేతల ఊరైన ఎమ్మిగనూరు మీదుగా మంత్రాలయం చేరి, 21న మరల కర్ణాటకలోకి సాగిపోయినది.

ఆ ఎమ్మిగనూరు పేరు వినగానే నాకు మరొక అధ్యక్షుడు గుర్తుకు వచ్చినాడు. కర్నూలు పక్కనున్న పెద్దపాడులో 1921లో ఒక నిరుపేద దళిత కుటుంబంలో జన్మించిన దామోదరం సంజీవయ్యగారు 1955లో ఎమ్మిగనూరు నుండియే శాసనసభకు ఎన్నికైనారు. 1960 జనవరిలో నీలం సంజీవరెడ్డిగారు ముఖ్యమంత్రి పదవి విడిచి కాంగ్రెసు అధ్యక్షులైనప్పుడు, ఆ స్థానంలో సంజీవయ్యగారు ముఖ్యమంత్రి అయినారు. 1962 మార్చిలో సంజీవరెడ్డిగారు తిరిగి ముఖ్యమంత్రి కాగా, అదే సంవత్సరం సంజీవయ్యగారు కాంగ్రెసు అధ్యక్షులైనారు. ఆ పీఠమెక్కిన తొలి దళితుడు ఆయనయే. 1972 మేలో కన్నుమూసే నాటికి మరల అదే పదవిలో ఉన్నారు.

ఆయన యోగ్యతను శంకించువారు లేరు. కాని ఆ రాకపోకలలో ప్రతినిధుల ఓటుకు చోటెక్కడ? పైవారు కూర్చోమన్నప్పుడు కూర్చొనుట, లెమ్మన్నప్పుడు లేచుట అన్నట్లు నడచినది. అర్హతతో వచ్చిన పదవిని కూడ అనుగ్రహంతో వచ్చినట్లు కనిపింపజేయుట ఏకగ్రీవంలోని దోషం. బలహీన వర్గాల నాయకునికి ఈ దోషం మరింత నష్టం చేస్తుంది. "మేమిచ్చినాము" అనడానికి ఎవరో ఒకరు ఎప్పుడూ సిద్ధంగా ఉంటారు. బీదరు జిల్లా వరవట్టిలో పుట్టిన ఖర్గేకు కూడ పెద్దల అండ ఉన్నదని అందరూ అనుకొన్నదే. అయినను ఆయన వెనుక 7,897 ఓట్లున్నవి. వాటిని ఎవరూ తాము దయతో ఇచ్చినామని చెప్పుకొనలేరు.

అట్లని పోటీ ఉన్నంత మాత్రాన సరిపోదు. 1939లో మన భోగరాజు పట్టాభి సీతారామయ్యగారిపై సుభాస్ చంద్రబోసు రెండువందల పైచిలుకు ఓట్ల ఆధిక్యంతో గెలిచినారు. పట్టాభి ఓటమి తన ఓటమేనని గాంధీజీ ప్రకటించినారు. పెద్దల సహకారం కొరవడి, గెలిచిన బోసు మూడు నెలలకే రాజీనామా చేసినారు. పట్టాభిగారు 1948లో పురుషోత్తమదాస్ టాండన్‌ను ఓడించి అధ్యక్షులైనారు. ఓడినవాడు మరల అడగవచ్చునని, అడిగి గెలువవచ్చునని ఆ టాండన్‌గారే 1950లో కృపలానీపై నెగ్గి చూపినారు.

తరువాత 1977 వరకు అటువంటి పోటీయే లేదు. 2000లో సోనియా గాంధీకి 7,448 ఓట్లు రాగా, జితేంద్ర ప్రసాదకు వచ్చినవి 94. ఆ 94తో పోల్చి చూచినప్పుడు థరూర్ పొందిన 1,072 విలువ తెలుస్తుంది. ఉత్తరప్రదేశ్‌లో ఓటింగు జరిగిన తీరుపై ఆయన పక్షం ఫిర్యాదు చేసినది కూడ. అయినను 2023 ఆగస్టులో ఆయనకు వర్కింగ్ కమిటీలో స్థానం లభించినది. 1939లో గెలిచినవానికే నిలువ నీడ లేకపోగా, ఇప్పుడు ఓడినవానికి పీట వేసినారు. ఇది చిన్న మార్పు కాదు.

కాని ఆ స్థానం నియామకం వల్ల వచ్చినదే. 1992లో తిరుపతిలో పి.వి. నరసింహారావుగారి అధ్యక్షతన జరిగిన సభలో వర్కింగ్ కమిటీకి ఎన్నికలు జరిగినవి. దళితులు, స్త్రీలు గెలువలేదన్న కారణం చూపి, ఎన్నికైనవారిచేత రాజీనామాలు చేయించినారు. 2023 ఫిబ్రవరిలో రాయపూరులో ఎన్నికే వద్దని, నియమించే అధికారం అధ్యక్షునికే ఇచ్చినారు. ఎన్నికలో బలహీనులకు చోటు దక్కదన్న భయం నిజమైనదే. దానికి విరుగుడు వారికి స్థానాలు కేటాయించి ఓటు పెట్టుట. ఓటునే ఎత్తివేయుట కాదు.

పార్టీ పైస్థాయి నాయకత్వాన్ని మన పత్రికలు అధిష్ఠానమని వ్రాస్తాయి. ఆలయ నిర్మాణ శాస్త్రంలో అధిష్ఠానమనగా గోడలన్నిటినీ మోస్తూ అడుగున ఉండే పీఠం. రాజకీయాలలో ఆ మాట శిఖరానికి ఎట్లు ఎక్కినదో గాని, దాని అసలు చోటు క్రిందనే. పేరు తెలియని ఊళ్ళనుండి వచ్చి చీటీ వేసే ప్రతినిధులే అధిష్ఠానం కావలెను. అప్పుడే అభ్యర్థి అడుగుట యాచన కాక హక్కు అవుతుంది.